ఆదివారం, ఆరూ పన్నెండు

పోయిన వారం కథని చర్చి వరండాలో ఆపేశాను. నేను తీసిన ఫొటో గోడకి ఆనించి ఉంది, దాని పక్కన దోషిలా నేను నిలబడి ఉన్నాను. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి వెనకటి సంగతి నాలుగు మాటల్లో చెప్పి ముందుకెళ్తాను.

మాది కన్యాకుమారి కొసని ఆనుకుని పడమటి వైపున్న కురుసుముట్టం. డెబ్బై మూడేళ్ళ వయసులో నా చేతికి ఒక చిన్న డిజిటల్ కెమెరా వచ్చింది. రోజూ సాయంత్రం ఒడ్డు రాళ్ళ మీద కూర్చుని, సూర్యుడు నీళ్ళలోకి దిగే వేళకి ఒక్కటంటే ఒక్క ఫొటో తీస్తాను. వాటిలో ఒకదాన్ని పునీత సెబస్త్యారు పండక్కి కిటికీ తలుపంత పెద్దది చేయించి చర్చి హాల్లో పెట్టారు. రెండు రోజులు ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. మూడో రోజున ఎవరో ఫొటో మూలనున్న పడవని గుర్తుపట్టారు. అది శిలువైది. నా కూతురి కూతురు జెర్లిన్‌ని చేసుకోబోయేది ఆ శిలువైయే.

ఫొటో కింద, కెమెరా తనంతట తను వేసిన పసుపు అంకెలున్నాయి. జనవరి మూడు, ఆరూ పన్నెండు, పక్కన ఉదయం అని చెప్పే రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఆ జనవరి మూడు ఆదివారం.

మా తీరంలో శనివారం సాయంత్రం ఆరు గంట కొట్టిన దగ్గర్నుంచి ఆదివారం సాయంత్రం ఆరు గంట కొట్టేదాకా ఏ పడవా నీళ్ళు తాకకూడదు. తాకిన పడవ నలభై రోజులు ఒడ్డున బోర్లా పడుంటుంది. ఆ నలభై రోజులూ ఆ ఇంటి శుభకార్యం చర్చి మెట్లెక్కదు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. జెర్లిన్ పెళ్ళి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. మూడోది, ఆఖరిది, రేపు చదవాలి. రేపు తప్పితే ఆ నలభై రోజులూ గడిచేసరికి ఉపవాస కాలంలో పడతాం. అందులో మాకు పెళ్ళిళ్ళు లేవు. ఇక ఈస్టర్ దాటాలి. ఈస్టర్ దాకా నేనుంటానో లేదో నాకే తెలియదు.

ఆ శనివారం ఉదయం పూజ ముగియగానే కమిటీ కూర్చుంది. మధ్యలో ఫాదర్, ఆయన కుడిచేతి వైపు కమిటీ పెద్ద తొబియాస్, బెంచీ మీద ఇంకో ఐదుగురు. మగవాళ్ళు మెట్ల మీద, ఆడవాళ్ళు స్తంభాల దగ్గర. శిలువై చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఫాదర్ నాకు కుర్చీ వేయించారు గాని నేను ఫొటో పక్కనే నిలబడ్డాను.

ఇలా చెప్పడం సిగ్గుగా ఉంది గాని, అంత కష్టంలోనూ నా కళ్ళు మాటిమాటికీ ఫొటో వైపే పోయాయి. సూర్యుడు నీటి గీత మీద ఒక వేలెడు ఎత్తున ఆగి ఉన్నాడు. దోరగా పండిన తాటిపండు రంగు. ఆ రంగు కిందికి పొడుగ్గా కారి అలల మీద ముక్కలు ముక్కలుగా విరిగింది. ఎడమ మూలన నల్లగా, పల్చగా పడవ. ఇంత మంచి ఫొటో నేను మళ్ళీ తీయలేను.

తొబియాస్ చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి. రెండేళ్ళ కిందట అతని కొడుకు శనివారం ఇంజను పాడై, గంట కొట్టిన పది నిమిషాలకి ఒడ్డు చేరాడు. కమిటీ కనికరించలేదు. నలభై రోజులు తన పడవ మీద కాకులు రెట్టలేస్తుంటే చూస్తూ తొబియాస్ రోజూ పూజకి వచ్చాడు. ఇప్పుడు కమిటీ పెద్ద అతనే.

"ఇన్నాసియక్కా, నా పడవకి పది నిమిషాలు క్షమించలేదు ఈ ఊరు. మీ ఇంటి అల్లుడికి పన్నెండు గంటలు క్షమించమంటావా?" అన్నాడు.

శిలువై ఒకటే మాట మీద ఉన్నాడు. ఆదివారం సాయంత్రం గంట కొట్టాకే పడవ దించానన్నాడు. తొబియాస్ వేలితో పసుపు అంకెల్ని చూపించాడు. కెమెరాకి నువ్వు చుట్టమా, నేను చుట్టమా, దానికి అబద్ధమాడే అవసరం ఏముంది అని అడిగాడు. వేరే ఊరివాళ్ళయితే ఫొటోలో అస్తమిస్తున్న సూర్యుణ్ణి చూసి ఊరుకునేవాళ్ళు. మాకు ఆ వీలు లేదు. మా భూమి కొస మీద నిలబడితే సూర్యుడు పుట్టేదీ నీళ్ళలోనే, పోయేదీ నీళ్ళలోనే. ఫొటో చూసి పొద్దుపొడుపో పొద్దుగుంకో చెప్పమంటే పుట్టి పెరిగిన మేమే తెల్లమొహం వేస్తాం.

ఇక నేను నోరు విప్పక తప్పలేదు. తప్పు కెమెరాది కాదు, నాదని చెప్పాను.

ఆ కెమెరా నాకు డెల్ఫిన్ ఇచ్చాడు. కన్యాకుమారి రేవులో యాత్రికుల అరచేతిలో సూర్యుడు నిలబడ్డట్టు ఫొటోలు తీసి, అక్కడికక్కడే అచ్చేసి ఇస్తాడే, ఆ డెల్ఫిన్. పెద్ద కెమెరా కొనుక్కున్నాక పాతది, సబ్బుబిళ్ళంత ఉన్న వెండిరంగుది, నా చేతిలో పెట్టాడు. మీట సగం నొక్కి ఆకుపచ్చ గడి వెలిగేదాకా ఆగడం వాడే నేర్పాడు. నేరుగా సూర్యుడికి గురిపెడితే తెల్ల మచ్చ పడుతుందని, ముందు పైనున్న ఆకాశం మీద సగం నొక్కి పట్టుకుని, అలాగే మెల్లగా కిందికి దించాలని చెప్పాడు. అది అలవాటయ్యేసరికి నెల పట్టింది. మొదటి వారం మెరుపు దీపం ఆర్పడం మర్చిపోయి సూర్యుడి మీదే మెరిపించాను. డెల్ఫిన్ అది ఊరంతా చెప్పాడు. పాపం సూర్యుడు కళ్ళు చెదిరి ఆ రోజు రెండు నిమిషాలు ముందే మునిగిపోయాడట.

క్రిస్మస్ మర్నాడు కొత్త సెల్స్ వేశాను. వెయ్యగానే కెమెరా తేదీ అడిగింది, వేళ అడిగింది. తేదీ సరిగ్గానే పెట్టాను. అంతలో చర్చి గంట కొట్టింది. గంట కొట్టిందంటే ఆరు. ఆరు పెట్టాను. మా ఊళ్ళో ఎవరింట్లో గడియారం ఆగినా చర్చి గంట వినే సరిచేసుకుంటాం. గోడ గడియారానికి అంతకంటే ఏం కావాలి. ఈ కెమెరాకి మాత్రం అది చాల్లేదు. ఆరంటే ఏ ఆరు, పొద్దున్నదా సాయంత్రందా అని అడిగింది. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేలోపల నా బొటనవేలే జవాబు చెప్పేసింది. అది చెప్పింది పొద్దున్న అని. కొట్టింది సాయంత్రం గంట. ఆ తర్వాత ఆ గడియారం జోలికి నేను పోలేదు.

మెట్ల మీద ఎవరో నవ్వారు. తొబియాస్ నవ్వలేదు. "అక్కా, మనవరాలి పెళ్ళి ముందు పెట్టుకుని చెప్పే మాట ఇది. నేను నమ్ముతాను. కమిటీ పుస్తకంలో నమ్మకం రాయలేను కదా."

న్యాయమే. జెర్లిన్ ఆడవాళ్ళ వెనక ఎక్కడో ఉంది, తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది. ఈ ముసలిదానికి కెమెరా ఎందుకు, సూర్యుడు దాని అనుమతి లేకుండా దిగలేడా అని ఈ ఊరు ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. ఇప్పుడు నా ముచ్చటే నా పిల్ల పెళ్ళికి అడ్డం పడుకుంది.

అప్పుడు మెట్ల చివరి నుంచి డెల్ఫిన్ లేచాడు. తన పెద్ద కెమెరా మెడలో అలాగే ఉంది, యాత్రికుల్ని వదిలేసి వచ్చినట్టున్నాడు. ఫాదర్‌కి దణ్ణం పెట్టి, ఒక్క మాట అడుగుతానన్నాడు.

"తొబియాస్ మామా, జనవరి మొదటి వారంలో పొద్దున్న సూర్యుడు ఎన్నింటికి పైకొస్తాడు?"

జవాబు అందరికీ తెలుసు. కొసలో ప్రతి లాడ్జి గుమ్మంలోనూ పలక మీద సుద్దతో రాసి పెడతారు. ఆ రోజుల్లో ఉదయించడం ఆరూ ముప్పై అయిదుకి. అస్తమించడం ఆరుంబావుకి కాస్త ఇటు. డెల్ఫిన్ దాని మీదే బతుకుతున్నాడు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే వాడి అరచేతుల్లో సూర్యుడుండడు.

ఫొటోలో సూర్యుడు నీటి మీద వేలెడు ఎత్తున ఉన్నాడని, ఉదయం ఆరూ పన్నెండుకి ఆయన ఇంకా సముద్రం అడుగున దుప్పటి కప్పుకుని ఉంటాడని, కాబట్టి ఇది సాయంత్రమేనని డెల్ఫిన్ తేల్చేశాడు. మెట్ల మీది ముసలివాళ్ళంతా ఒకేసారి తలలూపారు. బెంచీ మీదున్న ఐదుగురిలో ఇద్దరు అవునవునన్నారు. స్తంభాల దగ్గర గుసగుసలు కాస్తా మాటలయ్యాయి. నా గుండె మీంచి రాయి సగం జరిగింది.

పూర్తిగా జరిగేలోపల తొబియాస్ చెయ్యెత్తాడు.

"సాయంత్రమే. ఒప్పుకున్నాను. కెమెరా లెక్క పన్నెండు గంటలు తప్పింది, అదీ ఒప్పుకున్నాను. ఇప్పుడొక్కటి చెప్పండి. ఇది ఆదివారం సాయంత్రమా, శనివారం సాయంత్రమా?"

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. కెమెరా వెనకబడి నడుస్తుంటే ఈ ఫొటో ఆదివారం సాయంత్రానిది, గంట కొట్టిన పన్నెండు నిమిషాల తర్వాతది. తప్పు లేదు. ముందుకు పరిగెడుతుంటే మాత్రం శనివారం సాయంత్రానిది. అదీ గంట కొట్టిన తర్వాతే, ఆంక్ష మొదలయ్యాక. అప్పుడు శిలువై పడవ బోర్లా పడాల్సిందే. సాయంత్రం గంటకి పెట్టానని నేను చెప్పిన మాట ఒక్కటే ఆధారం, ఆ మాట పుస్తకంలోకి ఎక్కదని తొబియాస్ ముందే అన్నాడు.

శిలువై మొహం చూశాను. వాడు నేల చూస్తున్నాడు. వాడి అమ్మ నోట్లో చీర కొంగు కుక్కుకుంది.

నాకు బడి లేదు. మా ఆయన అరుళప్పన్ పోయాక, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతూ, దుకాణాల బోర్డులు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అలా నేర్చుకున్నవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. కంటపడిన ప్రతి ముక్కా చదువుతాం, పొట్లం కాయితం కూడా వదలం. ఆ రోగమే ఆ రోజు ఆదుకుంది. ప్రతి ఫొటో కిందా కెమెరా ఏం రాస్తుందో నేను చదువుతూనే ఉంటాను. ఒక ఫొటో కింద తేదీ చూసి ఇదేమిటి, ఒక రోజు తక్కువ వేసిందే అనుకుని ఊరుకున్న జ్ఞాపకం వచ్చింది.

సంచీలోంచి కెమెరా తీశాను. తొందరలో తాడు చిక్కుపడింది. ఫాదర్ ఆగండమ్మా, నిదానంగా అన్నారు. మీట నొక్కుతూ వెనక్కి పోయాను. సూర్యుళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగుతున్నారు. మబ్బు సూర్యుడు, చిలక్కొట్టిన సూర్యుడు, ఎర్రటి సూర్యుడు. వాళ్ళ మధ్యలో దొరికింది.

జెర్లిన్ మొదటి ప్రకటన చదివిన రోజు. పూజ అయ్యాక చర్చి మెట్ల మీద తీశాను. పసుపు చీరలో జెర్లిన్, పక్కన వాళ్ళమ్మ, వెనక జనం. అందరి మీదా తెల్లటి ఎండ. నేను అంకెలు పైకి చదివాను. జనవరి తొమ్మిది, ఎనిమిదీ అయిదు, రాత్రి.

"ప్రకటన ఏ వారం చదువుతారు ఫాదర్?" అని అడిగాను.

ఆదివారమే అన్నారు ఫాదర్. మొదటిది చదివింది జనవరి పది, ఆదివారం ఉదయం పూజలో, ఆయనే చదివారు.

"నా కెమెరా ఏమో జనవరి తొమ్మిది, శనివారం రాత్రి ఎనిమిదింటికి అంటోంది. ఇది పన్నెండు గంటలు వెనకబడ్డ కెమెరా ఫాదర్. మనకి ఆదివారం పొద్దున్నయితే దానికింకా శనివారం రాత్రే. దానికి ఆదివారం పొద్దున్న అయ్యేసరికి మనకి ఆదివారం సాయంత్రం."

తొబియాస్ లేచి వచ్చాడు. కెమెరా నా చేతిలోంచి తీసుకోకుండా, వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఎందుకో నాకు తెలుసు. ఆ ఫొటోలో జెర్లిన్ భుజం వెనక అతనే ఉన్నాడు. ఎండ పొడకి ఒక కన్ను పూర్తిగా మూసి, రెండోది సగం తెరిచి, నోరు వంకర పెట్టి.

నేను అందామనుకోలేదు, నోరు జారింది. "శనివారం రాత్రి ఎనిమిదింటికి నీకు అంత ఎండ ఎక్కడ తగిలింది తొబియాస్?"

ముందు ఫాదర్ నవ్వారు. ఆయన నవ్వాక ఎవరు ఆగుతారు. బెంచీ మీది ఐదుగురూ లేచి వచ్చి ఒకరి తర్వాత ఒకరు తెరలోకి తొంగిచూసి, తొబియాస్ మొహం చూసి, మళ్ళీ తెరలోకి చూశారు. ఒకాయన ఈ ఫొటోనే పెద్దది చేయించి వచ్చే పండక్కి హాల్లో పెట్టాలన్నాడు. తొబియాస్ కాసేపు బిగబట్టి, చివరికి తనే పొట్ట పట్టుకున్నాడు. నా పెళ్ళి ఫొటోలో కూడా ఇదే మొహమక్కా అన్నాడు. వాళ్ళావిడ ఇప్పటికీ దాన్ని గోడకి పెట్టనివ్వదట.

ఫాదర్ చేత్తో సద్దుమణగమని చెప్పి, మూడో ప్రకటన రేపు చదువుతానన్నారు. అంతే. ఆ ఒక్క మాటకి శిలువై అమ్మ వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. డెల్ఫిన్‌ని నలుగురు భుజాల మీదికెత్తబోతే వాడు కెమెరా జాగ్రత్త, కెమెరా జాగ్రత్త అని అరుస్తూ తప్పించుకున్నాడు. ఎవరో అప్పటికే తాటిబెల్లం కాఫీ తేవడానికి పరిగెత్తారు. నేను కుర్చీలో కూలబడ్డాను. జెర్లిన్ కోసం వెతికాను. స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. పిల్ల వచ్చే నెలలో మా గడప దాటి కాపురానికి పోతుంది. ఆ సంగతి రోజూ తలుచుకునేదాన్ని. ఆ నిమిషంలో గుర్తుకే రాలేదు.

కాఫీ వచ్చింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"ఇంకొక్క గీత మిగిలింది ఫాదర్. అది కూడా నింపేసి పుస్తకం మూసేస్తాను," అన్నాడు తొబియాస్.

ఏ పడవ నీళ్ళలోకి దిగినా అందులో ఎవరెవరున్నారో కమిటీ పుస్తకంలో పేర్లు రాయించాలి. ఇది మా ఊళ్ళో మాత్రమే ఉన్న పద్ధతి. ఎందుకుందో అక్కడున్నవాళ్ళలో సగం మందికి తెలియదు. నాకు తెలుసు. ముప్పై ఒక్కేళ్ళ కిందట ఒక మంగళవారం సాయంత్రం అరుళప్పన్ వస్తానని చెప్పి వెళ్ళాడు. పడవ తిరిగి రానప్పుడు అందులో ముగ్గురున్నారా నలుగురున్నారా అని ఎవరూ చెప్పలేకపోయారు. నాలుగో ఇల్లు ఏదో తెలియక ఊరంతా రెండు రోజులు ఒకరి గుమ్మంలోకి ఒకరు తొంగిచూసుకున్నారు. తర్వాత అప్పటి ఫాదర్ కాళ్ళ మీద పడి, పేర్లు రాయించకుండా ఏ పడవనీ పంపొద్దని అడిగింది నేనే. ఆ పుస్తకం నా ఏడుపులోంచి పుట్టింది.

జనవరి మూడు పేజీలో శిలువై పడవ పేరే లేదని తొబియాస్ చూపించాడు. గొడవ చేయడానికి కాదు, ఇప్పుడైనా రాసేద్దామని. సాయంత్రం గంటకి దిగింది, బాగుంది. ఫొటోలో చూస్తే పడవలో ఇద్దరున్నారు. వెనక చుక్కాని దగ్గర శిలువై. ముందున్నది ఎవరు? తమ్ముడా? తమ్ముడు ఆ వేళ చర్చిలో పాటలకి హార్మోనియం వాయిస్తున్నాడు, ఫాదరే సాక్షి. పోనీ, వల కూడా కనబడదు. చేపకి పోకుండా, పెళ్ళి పెట్టుకుని, గంట కొట్టగానే ఎవరిని ఎక్కించుకుని ఎక్కడికి పోయినట్టు?

ఇదంతా తొబియాస్ నవ్వు మొహంతోనే అడిగాడు. శిలువై మొహంలో మాత్రం రక్తం లేదు.

"పేరు అడక్కండి మామా. జరిమానా ఏదైనా నాకు వెయ్యండి."

గోడకి ఆనించిన పెద్ద ఫొటోలో ఆ రెండో మనిషి ఆవగింజంత నల్ల చుక్క. పెద్దది చేసేసరికి చెదిరిపోయి మొహమూ లేదు, ఏమీ లేదు. కెమెరా నా ఒళ్ళోనే ఉంది. అందులో ఫొటోని దగ్గరికి లాక్కుని చూసే మీట ఉందని ఊళ్ళో తెలిసింది నాకూ డెల్ఫిన్‌కే. అది నొక్కాను. పడవ దగ్గరికొచ్చింది. ఇంకా నొక్కాను.

తలకి తువ్వాలు, మీద మగవాడి తెల్ల చొక్కా. ముందు కొయ్య మీద కూర్చుని ఉన్నాడు. కూర్చున్నది సముద్రం వైపు తిరిగి కాదు, ఒడ్డు వైపు తిరిగి. మా మగవాళ్ళు పడవ నీళ్ళలోకి దిగి సాగాక ఒడ్డు వైపు చూడరు. చూస్తే తిరిగి రారంటారు. అరుళప్పన్ కూడా చూడలేదు, ఆ వీపునే నేను ముప్పై ఒక్కేళ్ళుగా మోస్తున్నాను. ఈ మనిషి మాత్రం ఒడ్డు వైపు తిరిగి, రాళ్ళ మీద కూర్చున్న నా వైపు తిరిగి, చెయ్యెత్తి ఊపుతున్నాడు. ఎత్తిన చేతికి మణికట్టు దగ్గర సూర్యుడు తగిలి నిప్పురవ్వలా మెరుస్తోంది. గాజు. జెర్లిన్ గాజు.

మా తీరంలో ఆడది ఎక్కిన పడవకి చేప మొహం చూపించదని నమ్మకం. అమ్మాయి ఎక్కిందని తెలిస్తే ఆ పడవ ఎత్తడానికి ఏ మనిషీ భుజం ఇవ్వడు. పెళ్ళికి ముందు, ఒంటరిగా, వరుడి పడవలో అంటే నలభై రోజులతో పోయే మాట కాదు. రేపటి ప్రకటన గాలికి పోయినట్టే.

అయినా నా వెర్రి మొహానికి అవన్నీ తర్వాత తోచాయి. ముందు తోచింది ఒకటే. నా జన్మలో సముద్రం మీదికి పోతూ వెనక్కి తిరిగి నాకు చెయ్యూపిన మనిషి అదొక్కతే. అది నా కెమెరాలో ఉంది, మూడు వారాలుగా ఉంది, నేను చూసుకోలేదు.

"దానికేముంది ఫాదర్, మన అమ్మమ్మ కెమెరాలోంచి కార్డు తీసిస్తే నా దుకాణంలో కంప్యూటర్ మీద గోడంత చేసి చూపిస్తాను. మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు," అన్నాడు డెల్ఫిన్ సంతోషంగా. వాడికి ఏమీ తెలియదు.

మంచి మాట అన్నాడు తొబియాస్. లేచి నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వక్కా. ఈ పుస్తకం పెట్టించింది నువ్వే కదా, నీకు నేను చెప్పాలా."

నా బొటనవేలు అప్పటికే ఇంకో మీట మీద ఉంది. తెర మీద చిన్న చెత్తబుట్ట బొమ్మ వచ్చింది. దాని కింద కెమెరా ఇంగ్లీషులో అడుగుతోంది, ఈ ఫొటో తీసెయ్యనా అని. అవును ఒక పక్క, వద్దు ఒక పక్క. ఆ రెండు మాటలూ నాకు చదవడం వచ్చు. అవును నొక్కితే పిల్ల పెళ్ళి నిలబడుతుంది, ఆ ఊపిన చెయ్యి పోతుంది. పైగా ఈ కెమెరా అబద్ధమాడదని ఇప్పుడే ఊరందరి ముందూ నిరూపించింది నేను. తొబియాస్ చాపిన చెయ్యి అలాగే ఉంది. వేలు అవును మీదికి జరిపాను.

వెనక స్తంభాల దగ్గర ఆడవాళ్ళు ఎవరికో దారి ఇస్తూ పక్కకి జరిగిన అలికిడి అయింది. శిలువై తలెత్తి, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు.

"తొబియాస్ మామా," అంది జెర్లిన్, "రెండో మనిషి పేరు రాసుకోవడానికి కంప్యూటర్ దాకా ఎందుకు. పెన్ను తియ్యండి, నేను చెబుతాను."